బ్యాటరీ బండికి పెద్ద మోటారు బిగించిన మామ

మా మోటారు మేస్త్రీ పోయాడని ప్రొద్దుటూరు బస్టాండులో తెలిసింది. జమ్మలమడుగు బస్సు దిగిన ఒకాయన, పాత రోజుల్లో గనిలో మాతో పనిచేసిన మనిషే, "మీ మామ పోయినాడప్పా, నిన్న పొద్దున" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఆయన్ని ఒక్క మాట అడగాలని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. అడగనీకుండానే పోయాడు.

వరస కాకపోయినా మామా అనే పిలిచేవాణ్ణి. పులివెందుల దగ్గర రాతినార (ఆస్బెస్టాస్) గనిలో ఆయన మేస్త్రీ, నేను బండి తోసే కూలీల్లో ఒకణ్ణి. రాళ్లు మోసే చిన్న బ్యాటరీ బండి పట్టాల మీద నడిచేది. మెరక వచ్చేసరికి దానికి సత్తువ చాలేది కాదు. వెనక నుంచి మేం భుజాలు ఆనించి తోసేవాళ్లం. ఆ తోపుడే మాకు కూడు.

ఆయన చెడ్డవాడని చెప్పలేను. మధ్యాహ్నం తన క్యారియర్లో సంగటి సగం నాకు పెట్టేవాడు. మోటారు వేడెక్కిందేమోనని చేతి వెనకవైపు ఆనించి చూసేవాడు, జ్వరమొచ్చిన బిడ్డను చూసినట్టు. మోటారుకు కరెంటును మెట్టు మెట్టుగా వదిలే కంట్రోలర్ పిడి తిప్పడం నాకు నేర్పింది ఆయనే. తొందరపడితే చెయ్యి పట్టుకునేవాడు. "యాడికి పోతాండావురా అంత బిరబిరా? మొదటి మెట్టు మీద దాన్ని ఊపిరి తీసుకోనీ." బండి మొరాయించి నేను తిట్టుకుంటే, "ఇనుముకు కోపం రాదు, మనకే వస్తాది" అనేవాడు.

ఒక ఏడు దసరా ముందు పెద్ద మోటారు, దానికి తగ్గ కంట్రోలరు వచ్చాయి. బిగించే ముందు మామ నన్ను పట్టాల వెంబడి నడిపించాడు. "యాడ శానా బరువొస్తాది, చూపియ్యి" అన్నాడు.

"మాకు కష్టం తగ్గుతాదా మామా?"

"తగ్గుతాది" అన్నాడు, పట్టాల వైపు చూస్తూ.

కాలు జారే చోటు, బండి వెనక్కి లాగే మలుపు, నా భుజానికి తెలిసిందంతా చూపించాను. దాన్నిబట్టే కంట్రోలర్ మెట్లు సరిచేశాడు. ఆయుధపూజకు కూలీలందరం ఆ మోటారుకు పసుపు కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొట్టాం. మా నోటికాడి కూడు లాక్కునేదానికి మేమే బొట్టు పెట్టాం. పండగ కాగానే బండి తనంతట తానే మెరకెక్కింది. మమ్మల్ని ఇక రావద్దన్నారు. మామ మోటారు షెడ్డులోంచి బయటికి రాలేదు.

ప్రొద్దుటూరు వచ్చి జిన్నింగు మిల్లులో మోటార్ల దగ్గర చేరాను. ఆయన నేర్పిన పనే నాకు అన్నం పెట్టింది. తలుచుకుంటే ఇంకా మండేది. మా పని పోతుందని ఆయనకు ముందే తెలుసా? తెలీదనే నమ్మాలని చూశాను.

కబురు తెలిసిన రోజే జమ్మలమడుగులో మామ ఇంటికి పోయి అత్తను పలకరించాను. ఉండబట్టలేక అడిగేశాను. ఆమె దాచలేదు.

"మోటారు తెప్పిచ్చేనాడే యజమాని చెప్పినాడంట నాయనా, తోసేటోళ్లు ఇంక అక్కర్లేదని. నీకు చెప్తే మెరక చూపియ్యవని చెప్పలేదు. మీరు పోయినాక రోజూ క్యారియర్లో సంగటి సగం తినకుండా అట్లే తెచ్చేటోడు."

తెలిసే చేశాడు. నా వేలితోనే నా కన్ను పొడిపించాడు. ఆ సగం సంగటితో అది మాసిపోదు.

వాకిలి పక్కన కొయ్యకు ఆ క్యారియరు తగిలించి ఉంది. వచ్చేస్తూ దగ్గరికి పోయి, చేతి వెనకవైపు ఆనించి చూశాను. చల్లగా ఉంది.