తంబాకు అవ్వ వంతు చక్కెర

ఆ రోజుల్లో బోధన్‌లో గాలి పీలిస్తే చాలు, నోరు తీపెక్కేది. ఫ్యాక్టరీలో చెరుకు ఆడే నెలల్లో ఆ వాసన మా గల్లీ అంతా పరుచుకునేది గాని, ఇంట్లో డబ్బాలోకి చక్కెర రావాలంటే మాత్రం రేషన్ కార్డు పట్టుకుని వరుసలో నిలబడాల్సిందే. తలకింత అని ఇచ్చేవాళ్లు. అందుకే మా ఊళ్లో తలలకు మహా విలువ (లోపల ఏమున్నదన్న పట్టింపు లేదు). నాకప్పుడు ఇరవై ఏళ్లు. కార్డులో పేరున్న మనుషులు ఇంట్లో ఉన్నారో లేదో చూసి రాసుకొచ్చే తాత్కాలిక ఉద్యోగం దొరికింది. దేశంలోని అవినీతి అంతా నా ఎర్రసిరా పెన్ను కోసమే ఎదురుచూస్తోందని గట్టిగా నమ్మాను. మా గల్లీ కూడా నా జాబితాలోనే ఉన్న సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే పక్షపాతం వస్తుందని భయం.

మొదటిరోజు వెనక గల్లీ. మొదటి ఇంట్లో కార్డులోని ముసలమ్మ ఇత్తడి డబ్బా ఒడిలో పెట్టుకుని, మంచం మీద కూర్చుని తంబాకు నములుతోంది. రెండో ఇంటి ముసలమ్మ నెత్తినిండా కొంగు కప్పుకుని పొయ్యి దగ్గర ఉంది. మూడో ఇంటి ముసలమ్మకు జ్వరమట, గొంగడి ముసుగు. నాలుగో ఇంటి ముసలమ్మ మాత్రం తెగ ఆయాసపడుతోంది. ఒడిలో మొదటి ఇంట్లో చూసిన ఇత్తడి తంబాకు డబ్బానే ఉంది! దొడ్డిదారిన గోడలు చుట్టి నాకంటే ముందు చేరాలంటే ఆ వయసులో కష్టమే మరి. "ఆఫీసర్లంత లంచగొండులే సారూ, గీ దేశం బాగుపడది" అని ఆ ఇంటాయన అప్పటిదాకా నాతో వాపోతూనే ఉన్నాడు. నిలదీస్తే నాలుగు కార్డుల్లోని ముసలమ్మలూ ఏనాడో పోయారని తేలింది. నాలుగు పేర్లూ ఎర్రసిరాతో కొట్టేసి, ఛాతీ విరుచుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లాను.

మా అరుగు మీద పొద్దున చూసిన ఆ తంబాకు అవ్వే కూర్చుని ఉంది. పక్కన మా అమ్మ ఆమెతో మా నాయనమ్మ పేరు వల్లె వేయిస్తోంది. నాయనమ్మ ప్రభువు సన్నిధికి చేరి మూడేళ్లయింది. పేరు మాత్రం కార్డులో హాయిగా ఉంది. "మీ ప్రార్థన గూడ రెండు ముక్కలు నేర్పు బిడ్డా, అడిగితే సెప్త" అంటోంది అవ్వ.

"అమ్మా, చెకింగ్ చేసేది నేనే" అన్నాను.

"నువ్వేనా? ముందుగాల్నే సెప్పొద్దారా! ఉత్తగనే ముసలామెను తిప్పలవెట్టిన" అని అమ్మ హాయిగా ఊపిరి పీల్చుకుంది.

రోజూ సాయంత్రం పేపరు చదివి అధికారులను ఏకిపారేసే మా బాపు లోపలి నుంచి వచ్చాడు. "గిది దొంగతనమెట్లయితదిరా? నన్ను గన్న అవ్వ పేరు కొట్టేస్తందుకు నీకు మనసెట్లొస్తది?" అన్నాడు. నాకూ మనసు రాలేదు. నిజం చెప్పాలంటే నాయనమ్మ వంతు చక్కెరతో తాగే పొద్దుటి రెండో కప్పు చాయ్ గుర్తొచ్చింది. నాయనమ్మ బతికే ఉందని రాశాను (నీలం సిరాతో).

మరుసటి నెల చక్కెర వచ్చిన రోజే తంబాకు అవ్వ గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. "నా శక్కర్ ఏది కొడుకా?" అంది. చెకింగ్‌కు కూర్చున్నందుకు ఆ నాలుగిళ్లవాళ్లూ నెలనెలా తలా గుప్పెడు ఇచ్చేవాళ్లట. "నాలుగిండ్లల్ల నన్ను సంపితివి. గీ ఒక్క ఇంట్లనే బతికున్న గద! ఈడ గూడ పెట్టకపోతె ఎట్ల?" అని గల్లీ మొత్తానికి వినిపించేలా అడిగింది. అమ్మ గబగబా గిన్నెలో పోసి పంపింది. పై నెల గిన్నె పెద్దదయింది. మూడో నెల ఆమె వెనకాల ఆ నాలుగిళ్లవాళ్లూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. "మీ నాయనమ్మ పానం మంచిగున్నదా సారూ?" అని ఒకాయన ఎంతో మర్యాదగా అడిగాడు. అంత సిగ్గు నేను మళ్లీ ఎన్నడూ పడలేదు.

మర్నాడే ఆఫీసుకు వెళ్లి, నా తప్పు నేనే రాసిచ్చి, ఎర్రసిరాతో నాయనమ్మ పేరు కొట్టేశాను. "మూడేండ్ల కింద పోయిందంటున్నవ్. మరి మొన్న చూసినప్పుడేం జేసినవ్?" అన్నాడు మా పైఅధికారి. "చాయ్ తాగిన సార్" అన్నాను. నవ్వాడు గాని ఆ ఉద్యోగం మళ్లీ నాకివ్వలేదు. అవ్వ మాత్రం వస్తూనే ఉండేది, గిన్నె లేకుండా. అమ్మ ఇచ్చిన చాయ్ తాగి "సప్పగున్నది బిడ్డా" అని, ఇంకో సగం పోయించుకునేది.

ఇప్పుడు నా చాయ్‌లో చక్కెర డాక్టరే మాన్పించాడు. పొద్దున నడకకు వెళ్లినప్పుడు తోటి పెన్షనర్లతో కలిసి అధికారుల అవినీతిని నేనూ దుమ్మెత్తిపోస్తాను, అందులో నాకు మంచి పేరే ఉంది. సరిగ్గా ఊపు మీదున్నప్పుడు "నా శక్కర్ ఏది కొడుకా?" అని చెవిలో వినిపిస్తుంది. మాట మధ్యలో ఆగిపోతాను. ఆయాసమనుకుని పాపం మిత్రులు నన్ను బెంచీ మీద కూర్చోబెడతారు.