రెండో తుమ్ము

పోయిన నెల ఒక మధ్యాహ్నం, మార్కాపురంలో మా మేడ మీది గదిలో కూర్చుని ఆఫీసు మీటింగులో ఉండగా నాకు తుమ్ము వచ్చింది. ఒకటే వచ్చింది. మామూలుగా అయితే రాసుకోదగ్గ సంగతి కాదు. కానీ అప్పుడు మైకు ఆపడం మరిచిపోయాను, పైగా మూడు దేశాల్లోని పదకొండు మందిమి ఆరు నెలలు కుస్తీ పట్టిన సాఫ్ట్‌వేరును జనం మీదికి వదలడానికి మా మేనేజరు బటన్ మీద వేలు పెట్టి ఉన్నాడు. ఆయనది నెల్లూరు వైపు. రెండు పెద్ద డిగ్రీలు, వెనక గోడ నిండా సర్టిఫికెట్లు. తుమ్ము వినగానే ఆ వేలు వెనక్కి పోయింది. చిన్న తనిఖీ ఒకటి మిగిలింది, ఐదు నిమిషాలు ఆగుదామని ఇంగ్లీషులో గంభీరంగా ప్రకటించి, కెమెరా ముందే గ్లాసెడు మంచినీళ్లు తాగాడు. ఆ తనిఖీ ఏమిటో మా జట్టులో పోలండ్ నుంచి పనిచేసే ఆవిడకు అర్థం కాలేదు. నేను విడిగా మెసేజీ పెట్టి సంగతి చెబితే ఆవిడ నవ్వలేదు సరికదా, తమ దేశంలో ఇలాంటప్పుడు రంగు వేయని చెక్కను తట్టాలని, తన బల్లకంతా రంగుంది కనుక వంటగదిలోకి వెళ్లి వస్తానని చెప్పి లేచి వెళ్లింది.

ఆ ఐదు నిమిషాల ఖాళీలో మా అవ్వ గుర్తుకొచ్చింది. ముప్పై రెండేళ్లకే జ్ఞాపకాలు రాసుకునేవాణ్ని చూసి పెద్దలు నవ్వుకోవచ్చు. అయితే మీటల ఫోనులో పాము ఆట ఆడి పెరిగిన మా తరానికి చిన్నతనం మరీ తొందరగా పాతబడిపోయింది, మేం ముసలివాళ్లం అయ్యేదాకా అది ఆగలేదు.

మా ఊరు తర్లుపాడు దగ్గర. ఇంటికి రెండిళ్ల అవతల పలకలు కోసే షెడ్డు ఉండేది. రాయిని రంపం కింద పెట్టి కోస్తుంటే లేచే దుమ్ము గాలి ఎటు వీస్తే అటు బయలుదేరి ఊరందరినీ పలకరించి వచ్చేది. అందరికీ అది బట్టల మీద పడేది, నాకు ముక్కులో పడేది. దీన్ని ఇప్పుడు అలర్జీ అంటున్నారు, ఒక మాత్రతో పోతుంది. అప్పట్లో మా ఇంట్లో దీన్ని అపశకునం అనేవాళ్లు, దానికి మాత్ర లేదు.

తుమ్ముల విషయంలో మా నాయన తల్లి, అంటే మా అవ్వ, చెప్పిందే చట్టం. బయలుదేరేటప్పుడు ఒక తుమ్ము పడితే చెప్పులు విడిచి లోపలికి రావాలి, కూర్చోవాలి, నీళ్లు తాగి కాసేపాగి మళ్లీ మొదలుపెట్టాలి. రెండు పడితే శుభం, నేరుగా వెళ్లిపోవచ్చు. మూడు పడితే జలుబు. ఇంత స్పష్టమైన చట్టం కింద నాలాంటి ముక్కున్నవాడు బతకడం ఎంత కష్టమో ఊహించుకోండి. ఇంట్లో ఎవరు ప్రయాణం పెట్టుకున్నా ముందు నన్ను సర్దేసేవాళ్లు. "మీ మామ ఒంగోలు పోతా ఉండాడు, నువ్వు ఆ ముక్కెత్తుకోని దొడ్లోకి పో నాయనా" అని అవ్వ ఒక జామకాయ చేతిలో పెట్టి ఎంతో ప్రేమగా తరిమేది. మా ఇంటి నుంచి ఎవరైనా వెళ్లడం నేను చూసింది తక్కువ. వాళ్లు వెళ్లిన సంగతి జామకాయ అయిపోయాక తెలిసేది.

ఒకసారి మాత్రం మరిచిపోయారు. మా చిన్నాన్న గిద్దలూరుకు పెళ్లిచూపులకు బయలుదేరుతున్నప్పుడు నేను గడప దగ్గరే ఉండి ఒకటి తుమ్మాను. అందరూ వెనక్కి వచ్చి కూర్చున్నారు, నీళ్లు తాగారు, బస్సు వెళ్లిపోయింది. తరవాతి బస్సులో వీళ్లు చేరేసరికి వేరేవాళ్లు వచ్చి తాంబూలాలు కూడా మాట్లాడుకుని పోయారట. చిన్నాన్న నాతో మూడు నెలలు మాట్లాడలేదు. తరవాత ఆయనకు అర్ధవీడు సంబంధం కుదిరింది. ఆ వచ్చిన పిన్ని నన్ను ఇవాళ్టికీ ప్రత్యేకంగా చూస్తుంది, పప్పులో నెయ్యి నాకు ఒక చెంచా ఎక్కువే పడుతుంది.

ఆ మూడు నెలల మౌనంలోనే రెండో తుమ్ము నేర్చుకోవాలని నిర్ణయించుకున్నాను. మొదటిది ఎలాగూ నా చేతిలో లేదు; దాని వెనకే ఇంకోటి పుట్టించగలిగితే అపశకునం కాస్తా శుభశకునం అవుతుంది. ఎండలోకి చూశాను, చీపురుపుల్ల ముక్కులో తిప్పాను, తాత ముక్కుపొడి దొంగిలించి సాయంత్రం దాకా ఏడ్చాను. చివరికి ఇవేవీ లేకుండా వట్టి నోటితోనే తుమ్మడం పట్టుబడింది. పదేళ్లు వచ్చేసరికి నన్ను దొడ్లోకి పంపడం మానేశారు, వీడి తుమ్ములు ఈ మధ్య జతలుగా పడుతున్నాయని అవ్వ కూడా ఒప్పుకుంది. జామకాయలు ఆగిపోవడం ఒక్కటే నష్టం.

నేను ఇంటర్ రెండో ఏడులో ఉండగా, వేసవిలో ఒక ఉదయం నాయన పొలం నుంచి మామూలు కంటే ముందే వచ్చాడు. గ్యాసు పట్టిందన్నాడు. సోడా తాగాడు, వాము నమిలాడు. చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట. ఊళ్లో సూదులు వేసే డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, తన సంచి విప్పకుండానే వెంటనే మార్కాపురం తీసుకుపొమ్మన్నాడు. ఏ జ్వరానికైనా రెండు సూదులు పొడవనిదే కదలని మనిషి సంచి విప్పలేదంటే సంగతేమిటో మాకు అర్థమైంది. ఎదురింటి ఆటో మామ బండి తెచ్చి వాకిట్లో పెట్టాడు. అమ్మ ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుని నాయనను గడప దాటించాం. షెడ్డులో రంపం ఆడుతోంది, గాలి మా వైపే ఉంది. తుమ్మాను.

అందరూ ఆగిపోయారు. అందరికంటే ముందు ఆగింది నాయన. బీకాం చదివి వ్యవసాయం చేస్తున్నవాడు, రోజూ పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవాడు, ఛాతీ మీద చెయ్యి పెట్టుకునే మెల్లిగా మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏంది బావా, మళ్లా కూసుంటివి? లెయ్" అన్నాడు ఆటో మామ.

"వాడు తుమ్మినాడు గదరా. రొంతసేపు ఆగు" అన్నాడు నాయన. ఆ నాలుగు మాటలకే ఆయాసపడ్డాడు.

ఆటో ఇంజను నడుస్తూనే ఉంది. అమ్మ నా వైపు చూసింది. అవ్వ తలుపు పక్కన నిలబడి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది, ఏడుస్తోందనుకున్నాను. నాకు ఆ క్షణంలో ఏడేళ్ల విద్య మొత్తం మాయమైంది. అయినా బలవంతాన ఒకటి లాగాను. నా జీవితంలో అంత చెత్త తుమ్ము ఇంకోటి లేదు. చిన్నపిల్లవాడు కూడా నమ్మడు. నేను తలెత్తేలోపే అవ్వ గొంతు వినిపించింది.

"రెండోది పడింది. లెయ్ నాయనా, లెయ్."

నాయన లేచాడు. మార్కాపురంలో ఏదో సూది వేసి, అంబులెన్సులో ఒంగోలు పంపారు. అక్కడి డాక్టరు ఇంకో అరగంట ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు. డాక్టర్లు ఆ మాట చాలామందికి చెబుతారని నాకు తెలుసు, కానీ ఆయన చెప్పినప్పుడు నాకు జోకేమీ తట్టలేదు. ఎక్కడో విదేశంలో తయారైన స్టెంటు నాయన గుండెలోకి పోయింది, అవ్వ కట్టిచ్చిన విభూతి పొట్లం తలగడ కిందికి పోయింది. రెండూ పనిచేశాయనే మా ఇంట్లో అందరి అభిప్రాయం.

ఊళ్లో మాత్రం పేరు నాకొచ్చింది. జత తుమ్ము నాయనను బతికించిందని చెప్పుకున్నారు. కువైట్ పోయేవాళ్లు, కోర్టు వాయిదాకు పోయేవాళ్లు మా ఇంటి ముందు ఆటో ఆపి నాకోసం చూసేవాళ్లు. కాదనలేక తుమ్మేవాణ్ని. మూఢనమ్మకాల మీద కాలేజీ వ్యాసరచనలో మొదటి బహుమతి తెచ్చుకున్నవాణ్ని, చుట్టుపక్కల నాలుగు ఊళ్లకు శకునాల సరఫరా నేనే.

నాలుగైదేళ్ల తరవాత, హైదరాబాదులో మొదటి ఉద్యోగానికి రేపు బయలుదేరతాననగా, మధ్యాహ్నం పూట అవ్వ చేటలో వేరుశనక్కాయలు ఒలుస్తూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. జాగ్రత్తలు చెబుతుందనుకున్నాను.

"ఆ పొద్దు మీ నాయనప్పుడు నువ్వు తుమ్మిన రెండోది తుమ్ము గాదు గదా" అంది.

నేను చేటలోంచి ఒక కాయ తీసుకున్నాను.

"మేక దగ్గినట్టు ఉండె. పుట్టినప్పటి సంది నీ తుమ్ములు వింటా ఉండా, నాకు తెలవదా?"

"తెలిసి ఎట్ల లేపినావు అవ్వా?"

"లేపక ఏం జేసేది? కొడుకు గదా. నేనే తుమ్ముదామని కొంగు ముక్కు కాడికి తెచ్చుకోనుంటి. అంతలో నువ్వే తుమ్మితివి."

ఇదేమీ లేదు, లేచి పో అని ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా అన్నాను. అవ్వ నన్ను జాలిగా చూసింది. "అట్ల చెప్తే లేసేవాడా? చిన్నప్పటి సంది వానికి ఇది నేర్పింది నేనే" అని చేట నా ఒళ్లోకి తోసి, ఒలవమని చెప్పి లోపలికి వెళ్లింది.

ఆ తరవాత రెండేళ్లకు అవ్వ పోయింది. షెడ్డు మూతపడింది. నేను తిరిగొచ్చి మార్కాపురంలో ఇల్లు తీసుకున్నాను, కింది వాటాలో అమ్మా నాయనా ఉంటారు. నమ్మకాలు పోతాయని మా తరం అనుకుంది, చదువు వస్తే, ఫోను వస్తే, నెట్ వస్తే పోతాయనుకుంది. అవి పోలేదు, ఫోనులోకి వెళ్లి కూర్చున్నాయి. వెళ్లేటప్పుడు అవ్వలాంటివాళ్లను మాత్రం బయటే వదిలేశాయి. ఆమె చట్టం పక్కన ఎప్పుడూ ఆమె నిలబడి ఉండేది, మనిషికి ప్రాణం మీదికొస్తే దాన్ని ఎక్కడ వంచాలో ఆమెకు తెలుసు. ఇప్పుడు నాయన ఫోనులో పంచాంగం యాప్ ఉంది. రాహుకాలం మొదలు కాగానే గంట కొట్టి ఎర్రరంగు చూపిస్తుంది. దాని పక్కన ఎవరూ లేరు.

మొన్న శుక్రవారం పదకొండింటికి నాయనకు గుండె డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు. ఆయన ఒంగోలు నుంచి వారానికి ఒక్కరోజు వస్తాడు, పన్నెండున్నరకల్లా వెళ్లిపోతాడు. నాయన చెప్పులు వేసుకుని, ఫోను తీసి చూసి, పన్నెండు దాకా రాహుకాలమని కుర్చీలో కూర్చున్నాడు. బండి తాళాలు చేతిలో పట్టుకుని కొంతసేపు నిలబడ్డాను. ఎంత చెప్పినా కదలడు. వేరే దారి లేక రెండుసార్లు తుమ్మాను, చక్కగా, జతగా, పాతరోజుల్లో లాగా.

నాయన ఫోను మీంచి తల ఎత్తకుండానే, జలుబు చేసినట్టుంది, మాత్ర వేసుకోమన్నాడు.