మూసిన వంటింటి తలుపు

మా అమ్మ బట్టల మిల్లు క్యాంటీన్‌లో వంట చేసి రిటైరయింది. అక్కడ అందరూ ఆమెను పెద్దగరిటె అనేవారు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు గానీ, మా అమ్మ దగ్గర ఆ సామెత చెల్లదు. వద్దు మొర్రో అన్నా వడ్డించేది. ప్లేటుకు చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి వడ్డించేదని మిల్లువాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవరికి ఏ కష్టమొచ్చినా, ముందు కడుపులో ఏదో ఒకటి పడితే సగం తీరుతుందని ఆమె నమ్మకం.

అలాంటి మనిషి ఇంట్లో తిండంటే తెలియని పిల్ల పుట్టింది.

మా అక్క కూతురు నెలలు నిండకుండానే పుట్టింది. మేం దాన్ని పిచ్చుక అంటాం. పుట్టింది మొదలు ముక్కులోంచి కడుపులోకి వేసిన సన్నటి ట్యూబుతోనే పెరిగింది. అక్క సిరంజి పైకెత్తి పట్టుకుంటే పాలు అందులోంచి దిగేవి. రెండేళ్లు దాటినా అదే వరస. మింగడానికి గొంతులో అడ్డేమీ లేదని పరీక్షలు చేసి తేల్చారు. కానీ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మూతి దగ్గరికి ఏది వచ్చినా దానికి నొప్పే మిగిలింది. అందుకే చెంచా కనబడితే చాలు, తల తిప్పేసుకుని వాంతి చేసుకునేది. వచ్చే చెకప్ నాటికి నోటితో ఏమీ తీసుకోకపోతే పొట్టకే చిన్న రంధ్రం చేసి ట్యూబు పెట్టాల్సి ఉంటుందని డాక్టరు చెప్పాడు. అందులో భయపడాల్సిందేమీ లేదని ఆయన ఎంత నచ్చజెప్పినా, అమ్మకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఊరుకునే మనిషి కాదు కదా. పిల్ల నవ్వుతున్న అదను చూసి ఒకసారి చెంచా నోట్లో పెట్టేసింది. ఆ తర్వాత చాలా రోజులు పిచ్చుక అమ్మమ్మ ఒళ్లోకే రాలేదు. అమ్మ పనుల్లో మునిగి ఏమీ పట్టనట్టు తిరిగింది గానీ, మనిషి సగమైపోయింది.

అప్పుడు డాక్టరు ఒక థెరపిస్టును పంపాడు. తిండి తినడం నేర్పడానికి కూడా ఒక చదువుందా అని అమ్మ ముక్కున వేలేసుకుంది. ఆ అమ్మాయి వచ్చి చెంచా ముట్టుకోలేదు. పిల్ల పక్కన నేల మీద కూర్చుని ఇల్లంతా కలయజూసి, మీరంతా ఎక్కడ తింటారని అడిగింది. అక్క మూసి ఉన్న వంటింటి తలుపు చూపించింది.

మేం వంటింట్లో తలుపు వేసుకుని తినేవాళ్లం. తినలేని పిల్ల ఎదుట తినడం పాపమని అమ్మ పెట్టిన పద్ధతి అది. ఒకరి తర్వాత ఒకరం, చప్పుడు కాకుండా, దొంగల్లా గబగబా తిని మూతి కడుక్కుని బయటికి వచ్చేవాళ్లం. ఆకలేస్తే బావ వంటింటి వైపు కళ్లతో సైగ చేసేవాడు. నాకు నవ్వొచ్చేది.

"మనుషులు తింటారని పాపకు ఎలా తెలుస్తుందమ్మా?" అంది థెరపిస్టు.

నిష్ఠూరంగా అనలేదు. అయినా అమ్మ మొహం పాలిపోయింది. ప్రేమకొద్దీ వేసిన తలుపే అడ్డమైందని ఆమెకు అర్థమైంది. 

ఇకనుంచి పిల్ల ఎదురుగా కూర్చుని తినమంది థెరపిస్టు. పిల్లకు పెట్టకూడదు, బతిమాలకూడదు, రమ్మని కూడా పిలవకూడదు. అమ్మ ఉడికిన బంగాళాదుంప మెత్తగా మెదిపి ప్లేటులో పెట్టుకుని కూర్చుంది. మొదటి రోజు కళ్లు తుడుచుకుంటూ నమిలింది. ఆ కదిలే నోటిని పిచ్చుక వింతగా చూసింది.

తర్వాత తర్వాత అది కొంచెం కొంచెంగా దగ్గరికి జరిగేది. అది జరిగినప్పుడల్లా అమ్మ చేతిలోని చెంచా దాని వైపు లేవబోయేది. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని ఆపుకునేది. ఈ చేతిని ఊరికే ఉంచడం కన్నా మిల్లు మొత్తానికి వండిపెట్టడం తేలికే అని నాతో అంది.

చెకప్ దగ్గర పడింది. ఒకరోజు మేం తినేటప్పుడు థెరపిస్టు కూడా ఉంది. పిచ్చుక వచ్చి అమ్మ ప్లేటులో వేలు ముంచింది. అంటుకున్న దుంపను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అది ఆ వేలు తీసుకెళ్లి అమ్మమ్మ నోట్లో పెట్టింది.

అమ్మ తిన్నది. అంతమందికి పెట్టిన మనిషికి ఇన్నాళ్లలో ఎవరైనా తినిపించగా నేను చూడలేదు. నాకు ఏడుపు ఆగలేదు. పిచ్చుక మళ్లీ వేలు ముంచి ఈసారి తన నాలుకకు రాసుకుంది. మొహం చిట్లించింది. వాంతి చేసుకుంటుందని అక్క తువ్వాలు అందుకుంది. చేసుకోలేదు. ప్లేటు వైపు చూసి నోరు తెరిచింది.

అమ్మ థెరపిస్టు వైపు చూసింది.

"ఇప్పుడు అడిగింది కదమ్మా. పెట్టొచ్చు."

అమ్మ చెంచా కొసతో కాస్త తీసింది. పిల్ల దాకా తీసుకెళ్లి ఆగిపోయింది. సిరంజితో తప్ప కూతురికి ఏనాడూ ఏమీ పెట్టని మా అక్క, తువ్వాలు పట్టుకుని పక్కనే కూర్చుని ఉంది. అమ్మ ఆ చెంచాను ఆమె చేతిలో పెట్టింది.

"నువ్వు పెట్టవే," అంది.