లావు పిల్లకు గుడ్డు లేదన్నారు

నా మనవరాలికి ఏడాదికి పైగా బడిలో గుడ్డు పెట్టలేదు. పప్పూ సగమే వేశారు. లావుగా ఉందని.

ఆ పిల్ల మా పెద్దమ్మాయి కూతురు. ఆరో తరగతిలో కొండ దిగువ ఆశ్రమ పాఠశాలలో వేశాం. వెళ్లేనాటికే కాస్త బొద్దు. ఏడో తరగతికొచ్చేసరికి ముఖం ఉబ్బింది, నడక మందగించింది, ఎండాకాలంలో కూడా దుప్పటి అడిగేది. తోటి పిల్లలు జానెడు పెరిగితే ఇది ఉన్నచోటే ఉండిపోయింది. వాళ్లు సిలిండర్ అని పేరు పెట్టారు. “సిలిండరు బేగి రాదే, ఇద్దరు దొర్లించాల” అని నవ్వితే ఇదీ వాళ్లతో కలిసి నవ్వేదట. నాకు ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

ఒక ఆదివారం చూడ్డానికి వెళ్లాను. భోజనాల వరుసలో ప్రతి కంచంలోనూ గుడ్డు పడుతోంది. దీని దగ్గరకొచ్చేసరికి వడ్డించే చెయ్యి దాటిపోయింది.

“ఏటమ్మా, మా గుంటకి గుడ్డేది?”

వడ్డించే ఆమె నన్నెరుగును. ఇరవయ్యేళ్లు నేనూ హాస్టళ్లలో వంట చేసినవాణ్ణే. నవ్వేసింది. “ఏటి బావా, గుడ్డెట్టి ఇంకా లావు సెయ్యమంటావా? రేపు గుమ్మం పట్టదు. మేడం సెప్పింది, నానేటి సేత్తాను?”

మేడమంటే వార్డెన్. చెడ్డమనిషి కాదు. చెడ్డదైతే తిట్టేసి ఇంటికొచ్చేవాణ్ణి. ఆమె గదికెళ్లి అడిగాను.

“తాతగారూ, పిల్ల మంచికే కదా. ఊబకాయం అని రిజిస్టరులో రాశాం. తిండి తగ్గిస్తే అదే తగ్గుతుంది.”

“మెడ దగ్గర ఉబ్బు సూసినారా అమ్మా?”

“లావుగా ఉన్నవాళ్ల మెడ అలాగే ఉంటుంది.”

మెడ సంగతి నాకు చెప్పడమా! నా చిన్నతనంలో ఈ కొండల్లో గొంతు కింద కాయ లేని ఆడమనిషిని వెతుక్కోవాలి. మా అమ్మకి మారేడుకాయంత ఉండేది. మెడలో వేసుకున్న వెండి కంటె దాని మీద ఆనుకుని ఉండేది. ఆమె అన్నం మింగుతుంటే కాయ పైకీ కిందికీ కదిలేది, పిల్లలం చూసి నవ్వేవాళ్లం. అదెందుకొస్తుందో చదివి తెలుసుకునేనాటికి ఆమె లేదు.

మర్నాడే పిల్లను పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. కుర్ర డాక్టరు. రక్తం తీయించాడు, రిపోర్టు వచ్చాక కూర్చోబెట్టి చెప్పాడు. “లావైన పిల్లలందరికీ థైరాయిడ్ జబ్బు ఉండదు తాతా. కొందరికి లావు వల్లే రక్తపరీక్షలో ఆ లెక్క కాస్త పెరుగుతుంది. ఈ పాపది అది కాదు. గ్రంథే నీరసించిపోయింది.” ఆ గ్రంథికి అయోడిన్ కావాలట, సెలీనియం, జింకు, ఇనుము కూడా కావాలట. రోజుకి కావలసింది గోరంచున నిలిచేంత కూడా కాదు, కానీ అది అందాలి. గుడ్లో, పప్పులో కొంత కొంత దొరుకుతాయి. “గుడ్డు పెడుతున్నారా?” అన్నాడు. లావని మానేశారని చెప్పాను.

“ఉప్పు?”

“రాళ్లుప్పు బాబూ. బడిలోనూ అదే.”

“కడుగుతారా?”

“కడక్కపోతే మట్టి కాదేటి?”

“అయోడిన్ రాయి పైపైనే ఉంటుంది తాతా. కడిగితే నీళ్లలో పోతుంది.”

మూడు నీళ్లు పోసి కడిగేవాణ్ణి నేను. శుభ్రమైన వంటవాడని పేరు. ఎన్ని వందల మంది పిల్లలు నా చేతి కూడు తిన్నారో! ఆ బెంచీ మీద కూర్చుని ఎవర్ని తిట్టాలో నాకు తోచలేదు.

అలాగని నోరు మూసుకుంటానా? మాత్రలు రాశారు. పొద్దున్నే పరగడుపున వెయ్యాలి. మా దగ్గర నర్సు లేదు, నయమయ్యాక పంపండి అంది వార్డెన్. పిల్ల ఇంట్లో కూర్చుంది. మాత్రలకి ముఖం వాపు తీసింది, చురుకొచ్చింది. పోయిన ఎత్తు పూర్తిగా వస్తుందని మాత్రం చెప్పలేనన్నాడు డాక్టరు. దానికి ఎత్తు బెంగ లేదు. పుస్తకాల సంచి గోడకి తగిలించుకుని రోజూ ఒకటే మాట. “తాతా, ఇప్పుడు తగ్గినాను కదా, బడికి తీసుకుంతారా?”

ఆశ్రమ బడుల పెద్దాఫీసుకి అర్జీ రాశాను. నేను బడికి పోలేదు, హాస్టలు పిల్లల చింపిరి పుస్తకాలతో కూడబలుక్కున్న అక్షరాలు నావి. ఆఫీసులో గుమాస్తా కాగితం తిప్పి చూశాడు. “ఎవరు రాసిచ్చారు?” “నానే.” “అందుకే చీమలు పాకినట్టుంది.” నవ్వనిచ్చాను. అడిగినవి మూడే. పిల్లను తిరిగి చేర్చుకుని పొద్దున్నే మాత్ర వెయ్యండి. అందరితోపాటు గుడ్డు పెట్టండి. వంటగదిలో ఉప్పు, పిల్లల మెడలు పరీక్ష చేయించండి. జవాబు లేదు. మళ్లీ రాశాను. నాలుగోసారి రాశాక, బడులు తెరిచి రెండు నెలలు గడిచాక, పోస్టులో వచ్చింది. పిల్లే కవరు చించి, నా పక్కన కూర్చుని పైకి చదివింది.

“మీ అర్జీ పరిశీలించడమైనది. వంటగదిలో ఉప్పు పరిశుభ్రముగానే ఉన్నది. ఊబకాయము గల విద్యార్థినులకు ఆహారము తగ్గించుట వారి ఆరోగ్యము నిమిత్తమే. సదరు విద్యార్థిని దీర్ఘకాలము గైర్హాజరైనందున పేరు తొలగించి, ఆ స్థానములో వేరొకరిని చేర్చుకొనడమైనది. కావున తిరిగి చేర్చుకొనుటకు వీలుపడదు.”