మగ్గాలు ఆగే వేళకు మీటింగు

మరమగ్గాల చప్పుడు ఎక్కడ వినిపించినా నాకు ఖాదర్ సారే గుర్తొస్తారు. నిన్న మా నగరి వీధిలో నడుస్తుంటే ఆ టకటకల మధ్య మళ్లీ ఆయనే. విచిత్రమేమిటంటే, ఆ పెద్దమనిషి నగరిలో ఎన్నడూ కాలు పెట్టలేదు. తిరుపతిలో మా పెద్ద కంపెనీ ఆఫీసులో ఆయన అప్పట్లో మా టీమ్ లీడ్. చిత్తూరు మనిషి. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, కోపం వస్తే రెండూ.

మా నాయన చేయి విరిగి, పుత్తూరు కట్టు కట్టించుకుని ఇంట్లో కూర్చున్న రోజులవి. మా ఇంటి మరమగ్గాల దగ్గర తెగిన పోగులు అతకడానికి నేను తప్ప మనిషి లేదు. సరిగ్గా అప్పుడే కంపెనీ, అప్పటిదాకా ఇళ్ల నుంచి పనిచేస్తున్న మా అందర్నీ ఆఫీసుకు రమ్మంది. ఇష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం మానేస్తానని చెప్పడానికి ఏడుపు ఆపుకుంటూ సార్‌కు ఫోన్ చేశాను. ఆయన అంతా విని, “మానేసే మాట తరవాత సూద్దాం. ఇంటికాడ్నుంచే చెయ్యి. పైవాళ్లతో నేను మాట్లాడతా” అన్నారు.

నేను అతి తెలివికి పోయి, మీటింగు మొదలయ్యే ముందు మగ్గాలన్నీ ఆపేసేదాన్ని. నాయన కసిరేవాడు. “మాట్లాడేదేమో నువ్వు, నోరు మూసుకునేది మగ్గాలా?” కొన్నాళ్లకు సార్ కూడా కనిపెట్టేశారు.

“ఏమ్మా, మీ ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండాదే. మగ్గాలు ఆపినావా?”

అవునన్నాను.

“మన మీటింగు కోసం వాటినెందుకు ఆపేది? అవి ఎప్పుడు ఆగుతాయో చెప్పు, మీటింగే అప్పుడు పెట్టుకుందాం.”

మధ్యాహ్నం అన్నాల వేళ ఆగుతాయన్నాను. ఆ రోజు నుంచి మా టీమంతా ముందే తినేసి మీటింగుకు కూర్చునేవారు. నన్ను ఎంత తిట్టుకున్నారో గానీ, మా వీధిలో ఏ పూట కరెంటు పోయి మగ్గాలు ఆగుతాయో కూడా వాళ్లకు కంఠతా వచ్చేసింది.

ఒకరోజు పెద్ద మేనేజరు చెప్పాపెట్టకుండా పొద్దున్నే లైన్‌లోకి వచ్చారు. మగ్గాలు మంచి జోరు మీదున్నాయి. “ఏమిటా మోత? ఆమెను ఆఫీసుకు రప్పించండి” అన్నారు. ఖాదర్ సార్ తొణకలేదు. “వాళ్లింట్లో మగ్గాలుండాయి సార్. ఆడ పని నడస్తా ఉండాది, మన పనీ నడస్తా ఉండాది. మన పని ఆగిననాడు చెప్పండి, నేనే పిలిపిస్తా.” నాకు కళ్లు నిండిపోయాయి. నాయన చేయి బాగయ్యేదాకా మళ్లీ నన్నెవరూ రమ్మనలేదు.

ఇప్పుడు నేనూ లీడ్‌నే. మొన్న వీడియో మీటింగులో ఒక కొత్తమ్మాయిని వెనక నుంచి వాళ్లమ్మ గట్టిగా పిలిచింది. పిల్ల బిక్కచచ్చిపోయి గబుక్కున మైకు కట్టేసింది.

“ముందు అమ్మకు పలుకు పో. మేం యాడికీ పోము” అన్నాను.

ఆమె నమ్మలేనట్టు చూసి, లేచి వెళ్లింది. మేమంతా ఆ ఖాళీ కుర్చీని చూస్తూ హాయిగా కూర్చున్నాం.