గంట కొట్టిన పెద్దమనిషి

వీరబిల్లా షెడ్డులో గంట తాడు ముట్టుకునే హక్కు మేస్త్రీ పైక్ ఒక్కడిదే. ఒకసారి కొడితే గొర్రెల ఉన్ని కత్తిరించే మిషన్లు కదులుతాయి, మళ్ళీ కొడితే ఆగుతాయి. రెండు గంటలు పని, తరవాత విరామం, అలా రోజుకు నాలుగు దఫాలు. శని, ఆదివారాలు షెడ్డుకు తాళం. పాతవాళ్ళు సమ్మెలు చేసి తెచ్చుకున్న పద్ధతి అది. క్లారీ ట్రెనరీ పదిహేడో ఏట ఆ గంట కింద నిలబడ్డాడు. ఇప్పుడు యాభై తొమ్మిది, నడుం వంగిపోయింది. అతనికి టైము గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే.

శనివారమంటే అతనికి ప్రాణం. నాలుగు నెలల కిందట భార్య లోర్నాకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆసుపత్రి నూట నలభై కిలోమీటర్ల దూరం. మాటలు నేర్పే ఆవిడ అక్కడికి శనివారాలే వస్తుంది. క్లారీ ఎదురుగా కూర్చుంటేనే లోర్నా నోరు తెరుస్తుంది, లేకపోతే గోడవైపు తిరిగిపోతుంది. కిందటి వారం "క్లా" దాకా వచ్చింది. మిగతా సగం కోసం అతను రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

అలాంటి మనిషి నెత్తిన గురువారం పొద్దున హార్కోర్ట్ అనే పెద్దమనిషిని తెచ్చి పెట్టారు. కాంట్రాక్టు కంపెనీ పంపిన శిక్షకుడు. మట్టి అంటని బూట్లు, పళ్ళన్నీ కనబడే నవ్వు. పనినీ ఇంటినీ ఎలా సరితూచుకోవాలో నీతికథలతో చెబుతాడట. ఎనిమిదీ నలభైకి, పని మాంచి ఊపులో ఉండగా వచ్చాడు. అందరూ తనవైపు తిరగాలని తాడు పట్టుకుని గంట కొట్టేశాడు.

చేతిలో ఉన్న గొర్రెల కత్తిరింపు ముగించి, క్లారీతో కలిపి ఎనిమిది మంది పనివాళ్ళూ నడుములెత్తారు.

"ఎవడ్రా అది?" అని దొడ్లోంచి పైక్ కేక.

హార్కోర్ట్ అప్పటికే మొదలుపెట్టాడు. "ఒక వొంబాట్ జంతువు ఐదు రోజులూ బొరియ తవ్వి శనివారం పడుకుందట. ఓ పిట్ట మాత్రం రోజూ కాస్త కాస్త గూడు కట్టుకుందట. శనివారం వరద వచ్చింది. ఎవరు మిగిలారో చెప్పండి? పనిని వారమంతా పరుచుకుంటే ఒత్తిడే ఉండదండీ!" అంటూ ఒక కాగితం తీశాడు. శనివారం కూడా పనిచేస్తామన్న ఒప్పుకోలు అది. ఎనిమిది మందీ సంతకం పెడితేనే చెల్లుతుంది.

క్లారీకి ఒళ్ళు మండిపోయింది. "వరదొచ్చిన రోజు ఆ వొంబాట్ పెళ్ళాం ఎక్కడుంది బాబూ?"

"కథలో పెళ్ళాం లేదండీ."

"తెలుస్తూనే ఉంది."

పైక్ లోపలికి దూసుకొచ్చాడు. "కబుర్లు చాలు. మిషన్లు ఎత్తండి."

"గంట మోగింది మేస్త్రీ. దఫా అయిపోయింది. ఇక అరగంట టీ." క్లారీ ఉన్ని మూట మీద చతికిలబడ్డాడు.

"కొట్టింది నేను కాదుగా!"

"నలభై ఏళ్ళుగా ఆ గంట మాటే విన్నాను. ఇవాళ కాదనమంటావా?"

మిగతా ఏడుగురూ కూర్చున్నారు. దొడ్లో గొర్రెలు అరుస్తుంటే పైక్ వెళ్ళి హార్కోర్ట్ మీద పడ్డాడు. "టైము నేర్పడానికొచ్చి నా అరగంట మింగావు కదయ్యా! పో, నువ్వూ నీ పిట్టా!"

ఒక్క సంతకమూ లేని కాగితంతో హార్కోర్ట్ కారెక్కాడు. పైక్ తిరిగొచ్చి, "వచ్చే ఏడు నీకిక్కడ చోటు లేదు క్లారీ," అన్నాడు. క్లారీ టీ ఊదుకుంటూ తాగాడు.

శనివారం లోర్నా ఎదురుగా కూర్చుని అదంతా చెప్పాడు. పెళ్ళాం లేని వొంబాట్ దగ్గరికి రాగానే ఆమె మూతి వంకరపోయింది, గొంతు నరాలు పొంగాయి. మాటలు నేర్పే ఆవిడ ముందుకు వంగింది. క్లారీ తన పేరు కోసం ఊపిరి బిగబట్టాడు.

"వె... ధ... వ," అంది లోర్నా.

నాలుగు నెలల్లో మొదటి నిండు మాట. అది తనకు కాకుండా హార్కోర్ట్‌కు పోయినందుకు క్లారీకి కుళ్ళు పుట్టింది. ఆ కుళ్ళుతోనే వెక్కి వెక్కి ఏడ్చాడు.

"మళ్ళీ అనవే," అన్నాడు, "వాడికి వినబడేట్టు."