వంకరగానే చదవాల్సిన కేసెట్టు

2003లో నంద్యాల బస్టాండు వెనక నాకు టేప్‌రికార్డర్లు, టీవీలు బాగుచేసే అంగడి ఉండేది. పదో తరగతితో బడి మానేసినా, ఎలక్ట్రానిక్స్ అంతా గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నాను. ఆ సంగతి అడగనివాళ్లకూ చెప్పేవాణ్ణి.

ఒకరోజు ఆళ్లగడ్డ నుంచి రామసుబ్బయ్య సార్ వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు. ఒక స్పెక్ట్రమ్ కంప్యూటరు, టేప్‌రికార్డరు, కేసెట్టు టవల్లో చుట్టి తెచ్చారు. ఎనభైల్లో ఇళ్లల్లో వాడిన కంప్యూటరది. టీవీకి తగిలించాలి. ప్రోగ్రాములు మామూలు కేసెట్లలో కీచుమనే శబ్దంగా ఉంటాయి. తయారీ ఎప్పుడో ఆగిపోయినా, దాని అభిమానులు ఇంటర్నెట్లో గుంపుగా చేరి పాత ప్రోగ్రాములు పోగుచేస్తున్నారట. తెలుగు అక్షరాలు గీసే ప్రోగ్రాం సార్ అప్పట్లో సొంతంగా రాశారు. అది పంపమని వాళ్లు అడిగారు. ఉన్నది ఈ ఒక్క కేసెట్టే. అదీ కంప్యూటర్లోకి సగం ఎక్కి ఆగిపోతోంది.

టేప్‌రికార్డరు విప్పాను. టేపును చదివే హెడ్డు నిండా ఎండిన గంధం, కుంకుమ.

"ఏంది సార్ ఇది?"

"ఆయుధ పూజప్పా. ట్రాక్టరుకు జేస్తారు గదా, దీనికి జేయొద్దా?"

"ట్రాక్టరుకు బొట్టు బయట పెడతారు సార్! ఇంజన్లో పూయరు."

"చదివినోళ్లకు కోపం జాస్తి."

హెడ్డు తుడిచాను. అది కాస్త వంకరగా ఉంది. టేపుకు హెడ్డు నిటారుగా ఉండాలి, దాన్నే అజిమత్ అంటారని నేను చదివాను. పాటల కేసెట్టు పెట్టి, స్క్రూ తిప్పి సరిచేశాను. పాట గంటలా మోగింది. సార్ కేసెట్టు మాత్రం అసలు ఎక్కడమే మానేసింది.

"మొన్నటిదాంక సగమన్నా ఎక్కతాండె. ఏం జేస్తివప్పా?"

"పుస్తకంలో ఉన్నట్టే చేశా సార్."

"అయితే ఆ పుస్తకం రాసినాయన్ను పిలువు, ఆయన్తోనే మాట్లాడతా." కేసెట్టు బయటికి తీసి మెల్లగా అన్నారు: "నేను రాసిందంటూ ఇదొక్కటేనప్పా."

ఆడించిన ప్రతిసారీ ఆ పాత టేపు ఇంకాస్త అరుగుతుంది. ఇద్దరం ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి అభిమానులను అడిగాం. రెండు రోజులు వాళ్లు ఏ మోడల్ కీబోర్డు మేలో కొట్లాడుకున్నారు. నాకు ఆ సెంటర్లోని కంప్యూటరును నేలకేసి కొట్టాలనిపించింది. చివరికి ఒకాయన అడిగాడు: "ఈ కేసెట్టు రికార్డు చేసింది ఏ టేప్‌రికార్డరులో?"

"నువ్వు విప్పిన దాంట్లోనేప్పా" అన్నారు సార్.

సగంలో ఆపింది గంధం, కుంకుమే; వంకర కాదు. వంకర హెడ్డుతో రాసిన టేపును వంకర హెడ్డే చదవాలి. నేను హెడ్డును నిటారు చేశాను, టేపులోని రాత వంకరగానే ఉండిపోయింది. అంగడికొచ్చి, కీచు శబ్దం బాగా పదునెక్కేదాకా స్క్రూను వెనక్కి తిప్పాను. ప్రోగ్రాం ఎక్కుతున్న గుర్తుగా టీవీ అంచుల్లో చారలు పరుగెత్తాయి. కాసేపటికి తెరమీద 'అ' మెల్లగా గీసుకుంది, దాని వెనకే మిగతా అక్షరాలూ.

సార్ ముందుకు వంగి చూశారు. "ఈ 'ఘ' తప్పు గీసినా. సరిజేస్తానుండు."

"ఏదీ సరిచేయొద్దు సార్! ముందు కాపీ తీద్దాం" అని అరిచాను.

రెండు కాపీలు తీశాం. అప్పటినుంచి ఏ స్క్రూనైనా తిప్పేముందు అది ఎక్కడుందో పెన్నుతో గుర్తు పెట్టుకుంటున్నాను.